రాణిగారి తల

తల పదకొండు ముక్కలయింది. మొండెం వెల్లకిలా పడి ఉంది. ఒంటి మీద మెరూన్ వెల్వెట్ గౌను, కాళ్ళకు తోలు బూట్లు, పక్కన ఊడిపడిన పెద్ద బానెట్ టోపీ. ఒక గాజు కన్ను అల్మారా కిందకు దొర్లిపోయి, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు చూస్తోంది.

హెడ్ కానిస్టేబుల్ నోట్‌బుక్ తీశాడు. టైమ్ ఎనిమిదీ యాభై రెండు.

"మృతురాలి వయసు ఎంతని రాయమంటారు మేడమ్?"

ఎస్సై అతని వంక ఒక్క చూపు చూసింది. అతను నోట్‌బుక్ మూసి జేబులో పెట్టుకున్నాడు.

పగిలింది బొమ్మ. పేరు రాణి. ఇల్లు ఒక రిటైరైన పళ్ళ డాక్టరుది. ఇంట్లోకెల్లా పెద్ద గదిలో మూడు గోడలకూ అద్దాల అల్మారాలు, వాటి నిండా పింగాణీ తలల బొమ్మలు. మొత్తం అరవై రెండు. అన్నీ నకళ్ళే. వందేళ్ళనాటి బొమ్మల్ని చూసి ఈ కాలంలో అచ్చుపోసినవి. ఆ సంగతి డాక్టరుగారు ఎప్పుడూ దాచలేదు. "నేను డూప్లికేట్ల జమీందార్ని" అని తనే చెప్పుకుని నవ్వేవాడు. రంగు వెలిసినవీ, పెచ్చులూడినవీ ఎక్కడున్నా వెతికి కొనేవాడు. కొని టచప్ చేయించేవాడు.

ఆ టచప్ చేసే మనిషి ఇప్పుడు ఆయన పక్కనే నిలబడి మంచినీళ్ళ గ్లాసు అందిస్తోంది. ఆవిడ ఎస్సైకి స్వయానా పిన్ని.

ఎనిమిదీ ఇరవైకి స్టేషన్‌కు ఫోన్ చేసింది కూడా ఆవిడే. "మా బుడ్డిని పంపించండి" అందట. స్టేషనంతా హడలిపోయే ఎస్సైని బుడ్డి అనగలిగిన మనిషి భూమ్మీద ఒక్కతే. ఫోనెత్తిన రైటర్ ఇంకా నవ్వుతూనే ఉండి ఉంటాడు.

ఎస్సై వాళ్ళమ్మ నర్సు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి. బడి వదలగానే పిల్ల పిన్ని వర్క్‌షాపులో తేలేది. పింగాణీ దుమ్ములో హోంవర్కు, బట్టీ పక్కన నిద్ర. కుంచె పట్టుకోవడం పలక పట్టుకోవడం కన్నా ముందే వచ్చింది. ఇప్పటికీ ఎస్సైకి ఎవరి మాట మీదైనా గుడ్డి నమ్మకం ఉందంటే అది పిన్ని మాట మీదే.

ఆమె డాక్టరుగారి వైపు తిరిగింది.

"ఎప్పుడు చూశారు?"

"ఎనిమిదింటికమ్మా. వాకింగ్ నుంచి వస్తుంటే గేటు దగ్గర మీ పిన్నిగారు కలిశారు. ఇద్దరం కలిసే లోపలికొచ్చాం. వస్తే ఇదీ సంగతి."

"వాకింగ్‌కి ఎన్నింటికి వెళ్ళారు?"

"ఏడుంపావుకి. అప్పటికి నిక్షేపంలా ఉంది. రోజూ చెప్పే వెళ్తాను."

"ఎవరికి?"

"రాణికి." ఆయన సిగ్గుపడలేదు.

"గదికి తాళం ఉంటుందా?"

"ఎప్పుడూ వేసే ఉంటుంది. తాళంచెవులు మూడు. నాదొకటి. వంటింట్లో మేకుకొకటి, ఫ్యూజు బాక్సు ఈ గదిలో ఉంది కదా. ఇంకోటి మీ పిన్నిగారికిచ్చాను."

"నాది పోయిన నెలే మీ చేతికిచ్చేశాను కదండీ," అంది పిన్ని మెల్లగా.

"అవునా? ఇచ్చే ఉంటారు. నాకే గుర్తుండి చావడం లేదు."

"వంటింట్లోది ఎవరికి అందుతుంది?"

డాక్టరుగారు నోటితో చెప్పలేదు. గడ్డంతో గుమ్మం వైపు చూపించాడు.

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయిగానీ తల దించలేదు.

"మా అబ్బాయి టూర్ నుంచి సాయంత్రం నాలుగింటికి దిగుతాడు," అన్నాడు డాక్టరుగారు. "ఈలోగా కంప్లైంట్ రాసిస్తాను, తీసుకోండి. ఈ అమ్మాయి ఉన్న ఇంట్లో నేనుండను. వాడొచ్చేసరికి ఎవరో ఒకరం సామాను సర్దుకోవాలి."

ఎస్సై వాచీ చూసుకుంది. తొమ్మిదీ ఐదు. ఒక కాపురం నిలబడటానికో కూలడానికో ఏడు గంటల టైముంది.

"బొమ్మల్ని గోడకేసి కొడతానన్నారట," అంది కోడలితో.

"అన్నాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టుకోలేదు మేడమ్. మా పాప హాల్లో సోఫా మీద పడుకుంటుంది. ఈ మహారాణులకేమో పెద్ద గది. కడుపు మండదా?"

"పొద్దున ఎక్కడున్నారు?"

"ఏడున్నరకి పాపని స్కూలు బస్సెక్కించడానికి సందు చివరికెళ్ళాను. బస్సు లేటు. ఏడూ యాభైకి ఇంటికొచ్చాను. వచ్చినకాణ్ణించీ వంటింట్లోనే ఉన్నాను."

"గదిలో చప్పుడు?"

"వినలేదు."

"పక్క గదిలో పింగాణీ తల పడి పగిలితే వినబడలేదా?"

"వినలేదంటున్నానుగా. నేనే చేసుంటే, ఢామ్మని చప్పుడైంది, వెళ్ళేసరికి పిల్లి దూకి పారిపోయిందని చెప్పేదాన్ని. ఆ మాత్రం బుర్ర లేదా నాకు?" ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంకో మాట మేడమ్. నేను మొదలుపెడితే ఒక్కదాంతో ఆపుతానా?"

"పాయింటే," అని గొణిగాడు హెడ్ కానిస్టేబుల్.

పిన్ని ముందుకొచ్చింది. ఎస్సై భుజం మీద చెయ్యి వేసింది.

"కేసులూ గీసులూ వద్దు బుడ్డీ. కాపురం చేసుకునే పిల్ల. ఏదో ఉక్రోషంలో చేసుంటుంది. నాలుగు చివాట్లు పెట్టి వదిలెయ్. డాక్టరుగారూ, మీరూ మనసు పెద్దది చేసుకోండి. ఒక్క నకలు కోసం ఇల్లు రెండు చేసుకుంటారా? ఇంకోటి చేసిస్తాను, సరేనా?"

ఎస్సైకి మనసు నిండిపోయింది. ఇన్నేళ్ళు కంటికి రెప్పలా చూసిన బొమ్మ పగిలితే, బొమ్మను వదిలేసి మనిషి గురించి మాట్లాడుతోంది. మా పిన్నంటే మా పిన్నే, అనుకుంది.

"ముందు ఈ ముక్కలు తీసేస్తాను, ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయి," అని పిన్ని వరండాలోంచి చీపురూ చేటా తెచ్చింది. వంగింది.

చీపురు నేలను తాకగానే ఎస్సైకి ఎక్కడో చురుక్కుమంది. ఎందుకో తెలియలేదు. నోరు మాత్రం దానంతటదే కదిలింది.

"ఆగు పిన్నీ. ముట్టుకోవద్దు."

"అదేంటే?"

"ఫార్మాలిటీ."

పిన్ని చీపురు గోడకు ఆనించింది. డాక్టరుగారు కుర్చీలో కూలబడ్డాడు.

"నకలు, నకలు అంటారేమిటండీ," అన్నాడు నీరసంగా. "నకలో అసలో సోమవారం తేలిపోయేది."

"ఏమిటి తేలేది?"

ఆయన ఫోన్ తీసి, కంట్లో పొర వల్ల ముఖానికి దగ్గరగా పెట్టుకుని వెతికి, ఒక మెయిల్ చూపించాడు. మూడు వారాల కిందట తన బొమ్మల పాత ఫోటోలు ఒక మ్యూజియానికి పంపాడు. ఫోటోలు రెండేళ్ళ కిందట తీసినవి. అక్కడి ఎక్స్‌పర్ట్ జవాబు రాసింది: మిగతావన్నీ నకళ్ళే, రాణి మాత్రం నకలులా లేదు, అసలైన పాత బొమ్మే కావచ్చు, సోమవారం స్వయంగా వచ్చి చూస్తాను.

"ఇది ఎవరెవరికి చెప్పారు?"

"ఇంట్లో చెప్పాను. మీ పిన్నిగారికి చెప్పాను. ఇంకెవరున్నారు నాకు?"

కోడలి ముఖం పాలిపోయింది. అసలు బొమ్మ అని తేలితే ఇక ఆ గది ఖాళీ అయ్యే ఆశ లేదు. మోటివ్ ఇంతకన్నా గట్టిది దొరకదు. హెడ్ కానిస్టేబుల్ కూడా ఆమె వైపు జాలిగా చూశాడు.

ఎస్సై మాత్రం నేల మీది ముక్కలవైపే చూస్తోంది.

"డాక్టరుగారూ, మీ బొమ్మలకి రికార్డేమైనా ఉందా?"

ఉంది. క్లినిక్ మూసేసినప్పుడు మిగిలిపోయిన పేషెంట్ కార్డులన్నీ ఆయన బొమ్మలకు వాడేశాడు. పదిహేడో నంబరు కార్డు బయటికొచ్చింది. పేరు: రాణి. వయసు: చెప్పదు. తల చుట్టుకొలత: 32 సెం.మీ. కంప్లైంట్: ఎడమ కనుబొమ చివర పెచ్చు. ట్రీట్‌మెంట్: టచప్, పచ్చి రంగు. కింద ఎనిమిది నెలల కిందటి తేదీ.

"మీరందరూ హాల్లో కూర్చోండి. పిన్నీ, నువ్వు కూడా."

"నీకెందుకమ్మా ఈ శ్రమ? టైమ్ దండగ."

"అరగంట."

కోడల్ని మూడు వస్తువులు అడిగింది. సెల్లోటేపు, దర్జీ టేపు, నెయిల్ పాలిష్ రిమూవర్. కోడలు వింతగా చూసిందిగానీ తెచ్చిచ్చింది. ఎస్సై టోపీ తీసి పక్కన పెట్టి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇది ఫోరెన్సిక్ వాళ్ళ పని కదా మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"వాళ్ళకిది చేతకాదు. ఆ కన్ను తీయండి, అల్మారా కింద."

ముక్కలు ఒక్కొక్కటే కలిశాయి. దవడ, నుదురు, చెంప. వేళ్ళకు పని గుర్తుంది. పదీ పదికి రాణిగారి తల టేపు కట్లతో మళ్ళీ గుండ్రంగా నిలిచింది, యాక్సిడెంట్ వార్డులో పేషెంటులా.

ఎస్సై దూదిని రిమూవర్‌లో ముంచి ఎడమ కనుబొమ చివర రుద్దింది. దూది చూసింది. తెల్లగా ఉంది. మళ్ళీ రుద్దింది. మళ్ళీ తెల్లగానే ఉంది.

దర్జీ టేపు తల చుట్టూ తిప్పింది. ఇరవై ఎనిమిది. తప్పు చూశాననుకుంది. మళ్ళీ కొలిచింది. మూడోసారి కొలిచేటప్పుడు, ఒక్క సెంటీమీటరైనా ఎక్కువ రావాలని కోరుకుంది. రాలేదు.

మొండెం తీసి మెడ గుంట చూసింది. లోపల చుట్టూ తోలు పట్టీ అతికించి ఉంది. కొత్త తోలు.

ఆమె ఆ పట్టీ అంచు వేలితో తడుముతూ కూర్చుంది. హెడ్ కానిస్టేబుల్ రెండుసార్లు "మేడమ్" అన్నాడు. వినిపించుకోలేదు.

పదీ నలభైకి హాల్లోకి వచ్చింది. చేతిలో ఆ తల. డాక్టరుగారు, పిన్ని సోఫాలో ఉన్నారు. కోడలు నిలబడే ఉంది.

"డాక్టరుగారూ, మీ కోడలు రాణిని పగలగొట్టలేదు."

"మరెవరమ్మా?"

"ఎవరూ పగలగొట్టలేదు. ఇది రాణి కాదు."

ఎస్సై కార్డు తీసి టీపాయ్ మీద పెట్టింది.

"బొమ్మలకి రెండు రకాల రంగులుంటాయి. సొంతంగా చేసిన తలకి రంగేసి బట్టీలో కాలుస్తారు. అది పింగాణీలో కలిసిపోతుంది, గీకినా రాదు. ఇంకొకరి బొమ్మకి టచప్ చేస్తే కాల్చరు. పచ్చి రంగే వేస్తారు. రేపు ఇంకెవరైనా సరిచేయాలంటే తుడిస్తే వచ్చెయ్యాలి. ఊళ్ళోవాళ్ళ పిల్లని తీసుకెళ్ళి పొయ్యిలో పెడతామా అనేది మా పిన్ని." ఆమె పిన్ని వైపు చూడకుండానే చెప్పింది. "రాణి కనుబొమకి పచ్చి రంగు వేసినట్టు కార్డులో ఉంది. దీని కనుబొమ రిమూవర్‌తో రుద్దినా చెక్కుచెదరలేదు. కాల్చిన రంగు. అంటే ఈ తల టచప్ చేసిన తల కాదు. కొత్తగా చేసిన తల."

"అచ్చం అలాగే ఉందే..."

"అచ్చం అలాగే ఉంటుంది. రాణి తల మీదే అచ్చు తీశారు కాబట్టి. కాకపోతే ఆ అచ్చులో పోసిన పింగాణీ ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది, ఉతికిన కొత్త జాకెట్టులాగా. ఎంత పనిమంతులు చేసినా నకలు అసలుకన్నా చిన్నదే అవుతుంది. రాణి తల ముప్ఫై రెండు, మీ చేత్తో మీరు రాసిందే. ఇది ఇరవై ఎనిమిది. మెడ వదులైతే తోలు పట్టీ వేశారు. తల చిన్నదని తెలియకుండా పెద్ద బానెట్ కుట్టి తొడిగారు. పైగా పై అరలో పెట్టారు. మీకేమో కంట్లో పొర."

"ఆ బానెట్..." డాక్టరుగారు ఆమె చేతిలోని తల వైపు చూశాడు. "ఆ బానెట్ మీ పిన్నిగారు బహుమతిగా ఇచ్చారు."

"సోమవారం ఎక్స్‌పర్ట్ వచ్చి చూస్తే ఫోటోలో ఉన్నది ఇది కాదని తెలిసిపోతుంది. దాచేస్తే లాభం లేదు. పోయినదానికోసం వెతుకుతారు. అదే పగిలిందనుకోండి, ఊడ్చి పారేస్తారు. ఇంట్లో ఎలాగూ గోడకేసి కొడతానన్న మనిషి ఉంది. ఆమె బస్సు దగ్గరికెళ్ళిన ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. అందుకే ఆమెకి చప్పుడు వినబడలేదు. ఇవ్వని తాళంచెవి ఇచ్చేశానంటే మీరు నమ్మేశారు. గేటు దగ్గరికెళ్ళి మీకు ఎదురు రావడమే మిగిలింది."

అప్పుడు ఎస్సై పిన్ని వైపు తిరిగింది.

"పప్పు బద్దంత పెంకు కూడా పారెయ్యకూడదని నాకు నేర్పిందెవరు పిన్నీ? చిన్నప్పుడు ఒక ముక్క చెత్తలో వేశానని నాతో చెత్తబుట్టంతా వెతికించావు. పగిలిన తల కనబడితే నీ చెయ్యి జిగురు కోసం వెళ్ళాలి. చీపురు కోసం వెళ్ళింది. అక్కడే తెలిసిపోయింది నాకు. తెలిసినట్టు ఒప్పుకోవడానికే గంటన్నర పట్టింది."

పిన్ని కాదనలేదు. కొంగు సర్దుకుంది.

"పని నీకు వంటబట్టలేదనుకున్నాను," అంది. "బాగానే వంటబట్టింది."

"మీరా?" అన్నాడు డాక్టరుగారు. ఆ ఒక్క మాటే.

"ఎనిమిది నెలలు నా బొమ్మకి చెప్పి వాకింగ్‌కి వెళ్ళారు డాక్టరుగారూ. తేడా తెలిసిందా మీకు?" పిన్ని గొంతులో ఒక రకమైన గర్వం.

"తెలియలేదు. మీరు పెట్టిన బొమ్మ కదా అని నేను చూడనేలేదు."

ఆ మాటకు పిన్ని తల వంగింది.

"అమ్ముకోవాలని కాదు," అంది. "ముప్ఫై ఏళ్ళు నకళ్ళకి కళ్ళు పెట్టాను, పెదాలు దిద్దాను. రాణి చేతికొచ్చిన రోజే తెలిసిపోయింది అసలుదని. మళ్ళీ తెచ్చి ఈ అల్మారాలో పెట్టడానికి చేతులు రాలేదు. ఒక్క అసలుది నా దగ్గరుంటే ఏం పోయింది? ఆయనకి తేడా తెలియనప్పుడు?"

"ఆమె సంగతో?" ఎస్సై కోడల్ని చూపించింది. "సాయంత్రానికి ఇల్లు వదిలిపోయేది."

"కేసు వద్దని అందుకే అన్నాను కదే. నాలుగు రోజులు అలిగి సర్దుకునేవాళ్ళు."

"నన్నే ఎందుకు పిలిపించావు?"

పిన్ని కాస్త ఆలోచించింది. అబద్ధం కోసం వెతకలేదు.

"వేరేవాళ్ళొస్తే ముక్కలు కవర్లో వేసుకుని ల్యాబ్‌కి పోతారు. నువ్వైతే నా మాట విని వెళ్ళిపోతావని."

ముప్ఫై ఏళ్ళ నమ్మకం. దాన్ని పిన్ని దొంగ తాళంచెవిలా వాడుకుంది.

"బొమ్మ ఎక్కడుంది?"

పిన్ని తలెత్తలేదు.

"పిన్నీ. అసలు రాణి ఎక్కడుంది?"

"నీ దగ్గరే."

ఎస్సైకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. పోలీస్ క్వార్టర్స్‌లో చేరిన రోజు పిన్ని ఒక బొమ్మ తెచ్చిచ్చింది. క్రీమ్ రంగు గౌను, రెండు జడలు. "ఇన్నాళ్ళూ ఊరందరికీ చేశాను, ఇది నీకోసం చేశాను" అంది. ఆ మాటకు ఎస్సై ఆ రోజు ఏడ్చింది కూడా. మంచం పక్కన బల్ల మీద పెట్టుకుంది. డ్యూటీ నుంచి వచ్చి ముందు దాని ముఖమే చూసేది. అది ఎనిమిది నెలల కిందటి మాట.

వర్క్‌షాపులో ఉంటే డాక్టరుగారి కంటబడొచ్చు. ఎస్సై పడగ్గదిని సోదా చేసేవాళ్ళెవరు?

అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. అప్పట్నుంచి పిన్ని ప్రతి ఆదివారం పది గంటలకల్లా వచ్చేది. అంతకుముందు నెలకోసారి వస్తే గొప్ప. నా ఒంటరితనం చూసి వస్తోందనుకుంది ఎస్సై. ఆ గంటసేపూ ఫోన్ ఆపేసేది. "నీ పని చూసుకోవే, నేను లోపల కాసేపు నడుం వాలుస్తాను" అనేది పిన్ని. అలాగే వెళ్ళి పడగ్గదిలో కూర్చునేది.

"ఆదివారాలు దానికోసమా వచ్చింది?"

పిన్ని తలెత్తింది. మొదటిసారి ఆమె కళ్ళల్లో నీళ్ళు కనబడ్డాయి.

"నిన్ను చూడ్డానిక్కూడా, బుడ్డీ."

కూడా.

ఎస్సై ఇంకేమీ అడగలేదు. కిటికీ దగ్గరికెళ్ళి ఫోన్ తీసింది. పదీ యాభై ఎనిమిదికి సీఐ లైన్లోకి వచ్చాడు.

"సార్, ఈ కేసు నేను చూడకూడదు. ఇంకొకర్ని పంపండి." అందరికీ వినబడేలా చెప్పింది. "ముద్దాయి మా పిన్ని. పోయిన సొత్తు మా ఇంట్లో ఉంది. నాకు తెలియకుండా ఉంది సార్. ఆ మాట కూడా వాళ్ళే తేల్చాలి."

వెనక డాక్టరుగారు లేచి కోడలి ముందుకొచ్చాడు.

"నాలుగింటికి ఆయనొస్తారు," అంది కోడలు. "ఏం జరిగిందో మీరే చెప్పండి మామయ్యగారూ. నేను చెబితే బాగుండదు."

"నేనే చెబుతానమ్మా. నిన్ను ఏమన్నానో అది కూడా చెబుతాను."

ఆమె తల ఊపి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, ఆ నీళ్ళ చాటున ఏడుపు వినబడ్డాయి.

ఎస్సై తన ఇంటి తాళంచెవి హెడ్ కానిస్టేబుల్ చేతిలో పెట్టింది.

"కొత్త ఆఫీసర్ వచ్చాక ఆయనతో వెళ్ళి తీసుకురండి. ఇద్దరు సాక్షులుండాలి. పంచనామాలో అడ్రస్ నాదే రాయండి. బెడ్‌రూమ్, మంచం పక్కన."

అతను తాళంచెవి తీసుకున్నాడు. పొద్దుటినుంచీ జోకులేసిన మనిషి నోట్‌బుక్ తీసి అడ్రస్ రాసుకున్నాడు.

సోఫాలోంచి పిన్ని పిలిచింది.

"బుడ్డీ, తల పట్టుకుని ఎత్తొద్దని చెప్పవే. నడుం పట్టుకోమను."

ఎస్సై ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత హెడ్ కానిస్టేబుల్‌తో, "నడుం పట్టుకుని ఎత్తండి, తల ముట్టుకోవద్దు," అంది. పిన్నికి మాత్రం జవాబివ్వలేదు. టోపీ పెట్టుకుని బయటికెళ్ళి, జీపులో ముందు సీట్లో ఒక్కతే కూర్చుని, కొత్త ఆఫీసర్ కోసం ఎదురుచూసింది.